పాలచెంబు – చట్టము

తెలుగునాట పల్లెలలో తెల్లవారకమునుపే పాడి గల యింట పని మొదలగును. ఇల్లాలు చెంబు కడుగుకొని కొట్టములోనికి పోవును. దూడను విడుచును. అది నాలుగు గుక్కలు కుడిచి, తల్లి చేపిన పిదప దానిని ప్రక్కకు కట్టివేసి, పొదుగు కడిగి, పాలు పిదుకుటకు కూర్చుండును. ఖాళీ చెంబులో పడు తొలిధారల చప్పుడు వేరు. చెంబు నిండుచున్నకొలది ఆ చప్పుడు మెత్తబడును. దానిని బట్టియే నాడు పాలెంత వచ్చినవో చీకటిలోనైనను ఆమె చెప్పగలదు.

ఆ పాలు మొదట పొయ్యి నెక్కును. వెనుకటి దినములలో పిడకల దాలిలో కుండ నుంచి, సన్నని సెగపై గంటల తరబడి కాచెడివారు. పాలు ఎర్రబారి, పైన మందపు మీగడ కట్టెడిది. పచ్చిపాలు పిల్లలకు పట్టరాదని ఏ ప్రభుత్వమును ఆ యింటి ముందు చాటింపు వేయింపలేదు. అది అత్త కోడలికి నేర్పిన నియమము. ఇంటికి చాలగా మిగిలిన పాలను పొరుగింటికి పోసెడివారు. పొరుగువారు ఆ గేదె నెరుగుదురు. అది మేయు మేత నెరుగుదురు. పిదికిన చేతిని ఎరుగుదురు. నీళ్లు కలిపినచో ప్రొద్దెక్కకమునుపే ఆ మాట ఊరంతయు ప్రాకును. పల్లెలో పాలకు పూచీ మనుష్యుని ముఖమే.

పాలు ఊరు దాటిన పిమ్మట కథ మారును. పట్టణమున పాలు కొనువానికి గేదె కనబడదు. పిదికినవారెవరో, ఏ నీళ్లతో పాత్ర కడిగిరో, ఎండలో ఎన్ని గడియలు నిలువ యుంచిరో అతడు ఎరుగడు. పొదుగునకును పెదవికిని నడుమ దూరము పెరిగినకొలది నమ్మకము తగ్గును. నమ్మకము తగ్గినచోట చట్టము అవసరమగును. పాలను గూర్చిన ప్రభుత్వ నిబంధనల చరిత్ర యంతయు ఈ దూరము యొక్క చరిత్రయే.

పాలు మనుష్యునకు ఎంత పుష్టికరమైన ఆహారమో, కంటికి కనబడని సూక్ష్మజీవులకును అంతే పుష్టికరమైన ఆహారము. పిదికిన పాలు వెచ్చగా నుండును. ఆ వెచ్చదనములో సూక్ష్మజీవులు త్వరితముగా వృద్ధి పొందును. వానిలో కొన్ని పాలను పులియజేయుటతో సరిపెట్టుకొనును. కొన్ని ప్రాణాంతకములు. క్షయ సోకిన ఆవు పాలవలన మనుష్యునకు క్షయ రాగలదు. బ్రూసెల్లా అను సూక్ష్మజీవి సోకిన పశువు పాలవలన దీర్ఘకాలము బాధించు జ్వరము రాగలదు. పిదుకువాని చేతినుండియో, పాత్ర కడిగిన నీటినుండియో టైఫాయిడు కూడ పాలలో చేరవచ్చును. ఇవి యేవియు పాల రంగును మార్చవు, రుచిని మార్చవు. తెల్లనివన్నియు పాలు కావని సామెత. పాలన్నియు మేలు కావని శాస్త్రము.

ఈ ప్రమాదమును తీవ్రముగా చవిచూచినవి పెద్ద నగరములు. పందొమ్మిదవ శతాబ్దమున న్యూయార్కు నగరములో సారాయి బట్టీల ప్రక్కనే పశువులశాలలు వెలసెను. బట్టీలలో మిగిలిన మడ్డిని ఆవులకు మేతగా పోసెడివారు. కదలుటకు చోటులేని కొట్టములలో రోగముతో తూలుచున్న ఆవుల పాలను, సుద్ద మొదలగు వానితో తెల్లబరచి, స్వచ్ఛమైన పల్లెపాలని చెప్పి అమ్మెడివారు. 1858లో ఒక సచిత్ర వారపత్రిక ఈ ఘోరమును బొమ్మలతోసహా బయటపెట్టగా నగరము ఉలికిపడెను. అట్టి పాలు త్రాగిన బిడ్డలను అప్పటికే పోగొట్టుకొనిన తల్లులకు అది ఆలస్యముగా అందిన వార్త.

అదే శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ద్రాక్షాసవము చెడిపోవుటకు సూక్ష్మజీవులు కారణమనియు, మితముగా వేడిచేసినచో అది చెడకుండుననియు 1860 తరువాతి సంవత్సరములలో నిరూపించెను. ఆ పద్ధతియే పిమ్మట పాలకును ఉపయోగింపబడి, ఆయన పేరిటనే పాశ్చరైజేషన్ అనబడెను. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషములు గాని, 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లు గాని ఉంచి, వెంటనే చల్లబరతురు. పాలు మరుగవు, కాని రోగకారకములగు సూక్ష్మజీవులు నశించును. రుచియు పోషకగుణమును చాలవరకు నిలుచును. 1893లో నేథన్ స్ట్రాస్ అను వర్తకుడు న్యూయార్కులో పేదపిల్లలకు ఇట్లు శుద్ధిచేసిన పాలను అందించు కేంద్రములు తెరచెను. 1908లో షికాగో నగరము ఒక శాసనము చేసెను. క్షయపరీక్షలో నిర్దోషములని తేలిన పశువుల పాలు తప్ప, నగరమున అమ్మెడి పాలన్నియు పాశ్చరైజ్ చేయబడవలెనని ఆ శాసనము. అట్టి నిర్బంధము విధించిన తొలి పెద్ద నగరముగా షికాగో పేరొందెను.

శాసనము న్యాయమైనదే. కాని దానితో ఒక చిక్కు వచ్చెను. పాలను కొలతప్రకారము వేడిచేసి, వెంటనే చల్లార్చి, మూతవేసిన పాత్రలలో పంపుటకు యంత్రములు కావలెను. యంత్రములకు ధనము కావలెను. దినమునకు వేల లీటర్ల పాలు చేతబట్టిన వ్యాపారికి ఆ వ్యయము లెక్కలోనికి రాదు. రెండు గేదెలు గల రైతునకు అది తలకు మించిన భారము. కావున పాలు శుభ్రముగా నుండవలెనను నియమము, ఎవరును కోరకుండగనే, పాలవ్యాపారము యంత్రము గలవాని చేతిలో పడవలెనను నియమముగా మారిపోవచ్చును. పైరు ఆరునెలలకో యేడాదికో డబ్బు చూపును. పాడి పూటపూటకు చూపును. బడిజీతము, మందులు, ఉప్పు, పప్పు అన్నియు ఆ చెంబులోనుండియే రావలెను. అది చేజారినచో చిన్న కుటుంబమునకు ఆధారము లేదు. త్రాసులో పసిపిల్లల ప్రాణము ఒకవైపు, చిన్న రైతు బ్రతుకు ఒకవైపు. ఈ రెంటిని ఎట్లు తూచవలెను? ఆ ప్రశ్నకు తమ అనుభవముచేత సమాధానము చెప్పినవారు గుజరాతు పల్లెల రైతులు.

నాటి బొంబాయి రాష్ట్రమున కైరా జిల్లా పాడికి ప్రసిద్ధి. నేడు దానిని ఖేడా యందురు. ఆ జిల్లాలోని ఆనంద్ పట్టణమున 1930 ప్రాంతమున పోల్సన్ కంపెనీ తన వెన్న కర్మాగారము నెలకొల్పెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బొంబాయి నగరములో జనము పెరిగెను. పాల కొరత యేర్పడెను. దొరకిన పాలును శుభ్రమైనవి కావు. నగరవాసులకు మంచి పాలు అందింపవలెనని ప్రభుత్వము 1945లో బొంబాయి పాలపథకమును ప్రారంభించెను. ఆనంద్ నుండి బొంబాయికి నాలుగువందల కిలోమీటర్లకు పైగా దూరము. పాలు చెడకుండ అంతదూరము చేరవలెనన్నచో వానిని పాశ్చరైజ్ చేసి, చల్లబరచి, రైలులో పంపవలెను. ఆ సాధనములు గలది పోల్సన్ కంపెనీ. కావున ఆనంద్ పాలను బొంబాయికి పంపు బాధ్యతయు, ఆ చుట్టుపట్ల పాలను సేకరించు హక్కును ప్రభుత్వము ఆ కంపెనీకే ఒప్పగించెను.

నగరమునకు పాలు చేరెను. ప్రభుత్వము సంతోషించెను. కంపెనీకి లాభము కలిగెను. సంతోషింపనివాడు రైతు ఒక్కడే. అతడు పాలను ఎవరికి అమ్మవలెనో, ఎంతకు అమ్మవలెనో ఇతరులే నిర్ణయించిరి. పాలు సేకరించు దళారులు ఋతువును బట్టి, తమ ఇచ్చను బట్టి ధర కట్టిరి. నగరమున పాలకు పలికిన ధరలో న్యాయమైన వాటా పల్లెకు రాలేదు. వేసవిలో దారిలోనే పాలు పులిసినచో నష్టము రైతుదే. శీతకాలమున గేదెలు విస్తారముగా పాలిచ్చినచో ధర పడిపోయెడిది. గేదె మాత్రము ఏ ఋతువునందును మేత మానదు.

రైతులు సర్దార్ వల్లభభాయి పటేలు నాశ్రయించిరి. ఆయన ఆ జిల్లా కష్టసుఖములు ఎరిగినవాడు. 1918లో అచ్చటి రైతుల శిస్తు సత్యాగ్రహమున గాంధీమహాత్మునితోపాటు నిలిచినవాడు. రైతులందరు సహకారసంఘముగా ఏర్పడి, తమ పాలను తామే శుద్ధిచేసి అమ్ముకొనవలెనని ఆయన సలహా యిచ్చెను. అందులకు ప్రభుత్వము సమ్మతింపనిచో పాలు పోయుట మానవలెననియు, ఆ నష్టమును సహించుటకు సిద్ధపడవలెననియు హెచ్చరించెను. ఆయన పంపగా మొరార్జీ దేశాయి కైరాకు వచ్చెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున సభ జరిగెను. ఊరూర పాల ఉత్పత్తిదారుల సంఘము నెలకొల్పవలెననియు, ఆ సంఘములన్నియు కలిసి ఒక యూనియనుగా ఏర్పడి పాలను శుద్ధిచేయు యంత్రములను సంపాదింపవలెననియు, ప్రభుత్వము ఆ యూనియను వద్దనే పాలు కొనవలెననియు సభ తీర్మానించెను. ప్రభుత్వము అంగీకరింపలేదు.

రైతులు పాలు అమ్ముట మానిరి. ధాన్యము అమ్మనని రైతు పట్టుపట్టినచో అది గాదెలో నిలువ యుండును. పాలు అట్లు కాదు. గేదె ఉదయము చేపును, సాయంకాలము చేపును. పిదుకక మానినచో పొదుగు వాచును. పిదికినచో ఆ పాలను నాటికి నాడే ఏమైనను చేయవలెను. ఒక్కొక్క పూట గడచినకొలది ఒక్కొక్క చెంబెడు ఆదాయము నీళ్లపాలగును. పాలడబ్బుతో దినము గడపుకొను ఇండ్లకు అది ఎంత కఠినమైన వ్రతమో ఊహింపవచ్చును. ఐనను పదునైదు దినములు వర్తకులకు ఒక్క చుక్క పాలు అమ్మబడలేదు. ఆనంద్ నుండి బొంబాయికి పాలు ఆగిపోయెను. పథకమే కూలిపోవు స్థితి వచ్చెను. తుదకు బొంబాయి పాలశాఖ కమీషనరైన ఆంగ్లేయుడు తన సహాయాధికారితో ఆనందునకు వచ్చి, స్థితిగతులు చూచి, రైతుల కోరికను అంగీకరించెను.

ఈ ఘట్టమున గమనింపదగిన విషయమొకటి కలదు. పాశ్చరైజేషన్ వలదని ఆ రైతులు కోరలేదు. పాలు శుభ్రముగా నుండవలెనను నియమమును సడలింపుమని కోరలేదు. యంత్రము మీద వారికి ద్వేషము లేదు. ఆ యంత్రము తమది కావలెననియే వారి కోరిక. నియమమునుండి తప్పింపుమని అడుగుట సులభము. నియమమును పాటించు శక్తి కలిగింపుమని అడుగుట కష్టము. ఏలయన తప్పించుకొనినవానికి నాటితో పని ముగియును. పాటించుటకు పూనుకొనినవానికి ప్రతిదినమును పని యుండును.

1946 డిసెంబరు 14వ తేదీన కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము రిజిస్టరు చేయబడెను. త్రిభువన్‌దాసు పటేలు దానికి అధ్యక్షుడై ఊరూర తిరిగి రైతులను కూడగట్టెను. 1948 జూనులో ఆ సంఘము బొంబాయి పథకమునకు పాలను పాశ్చరైజ్ చేసి పంపుట ప్రారంభించెను. అప్పుడు దానిలో చేరినవి రెండే గ్రామసంఘములు. వచ్చినవి దినమునకు సుమారు 250 లీటర్ల పాలు. మహానగరపు దాహము ముందు అవి ఉగ్గుగిన్నెలోని పాలవంటివి. ఆ సంవత్సరాంతమునకు 432 మంది రైతులు చేరిరి. పాలు దినమునకు 5,000 లీటర్లయ్యెను.

1949లో వర్గీస్ కురియన్ అను యువ ఇంజనీరు ఆనందులోని ప్రభుత్వ వెన్నశాలకు ఉద్యోగియై వచ్చెను. ప్రభుత్వపు విద్యార్థివేతనముతో విదేశమున చదివినందులకు ఆ ఉద్యోగము చేయక తప్పలేదు. ఎప్పుడు ఆ యూరు విడుతునా యని ఎదురుచూచిన ఆ యువకుడు, పాత యంత్రములతో అవస్థపడుచున్న రైతుల సంఘమునకు సాయము చేయబోయి, అచ్చటనే నిలిచిపోయి, తన జీవితమును ఆ పనికే అర్పించెను. శీతకాలమున మిగిలిపోవు పాలను ఏమి చేయవలెనను చిక్కు సంఘమునకును వచ్చెను. పాలను పొడిగా మార్చినచో నిలువ యుండును. కాని గేదెపాలను పొడిచేయుట సాధ్యము కాదని నాటి విదేశీ నిపుణులు తలచిరి. సంఘపు నిపుణుడు హరిచంద్ మేఘా దలాయా దానిని సాధించి చూపెను. యూనిసెఫ్ సంస్థ, న్యూజీలండు దేశము చేసిన సహాయముతో నిర్మింపబడిన పాలపొడి కర్మాగారమును 1955లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. అమూల్ అను పేరు లోకమునకు తెలిసినది ఆ తరువాతనే.

సంఘపు పనితీరు చూచినచో చట్టము అనునది ఊరిలోనికి ఎట్లు దిగివచ్చునో తెలియును. ఉదయము, సాయంకాలము పాలకేంద్రము తెరవబడును. పాలు తెచ్చినవారు వరుసలో నిలుతురు. ఆ వరుసలో కులమునకు గాని కలిమికి గాని ముందుచోటు లేదు. ముందు వచ్చినవారిదే ముందుచోటు. పాలు కొలిచి, ప్రతివారి పాలనుండియు కొంచెము నమూనా తీసి, వెన్నశాతము పరీక్షింతురు. నీళ్లు కలిపినచో వెన్నశాతము పడును. దానితోపాటు ధరయు పడును. పాలను నీళ్లను వేరుచేయు హంసను గూర్చి కవులు చెప్పుదురు. ఆ హంస పని ఇచ్చట ఒక చిన్న పరీక్ష చేయుచున్నది. ఒకరు చెడిన పాలు పోసినచో ఊరివారందరి పాలును చెడును. కర్మాగారములో అందరికిని వాటా గలదు కావున ఆ నష్టము అందరిదియు. పల్లెలో వెనుకటి కాలమున పాలకు పూచీగా నిలిచిన మనుష్యుని ముఖము, సంఘము రూపమున మరల కనబడినది.

1964లో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి కైరా జిల్లాలోని ఒక పల్లెలో ఒక రాత్రి రైతుల యింట గడపి, ఈ విజయమునకు మూలమేమో స్వయముగా విచారించెను. నేల అచ్చటిది ప్రత్యేకమైనది కాదు. గేదెలు ప్రత్యేకమైనవి కావు. సంఘము రైతులది యగుటయే ప్రత్యేకత యని ఆయన గ్రహించెను. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఆనందులోనే వెలసెను. 1970లో క్షీరవిప్లవమని పేరొందిన మహాపథకము ప్రారంభమయ్యెను.

తెలుగునాటను ఇట్టి కృషి సాగెను. 1969లో విజయవాడయందు పాల ఉత్పత్తుల కర్మాగారము నెలకొనెను. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ‘విజయ’ అను పేరు గల పాలు నగరములలోని యిండ్లకు అలవాటయ్యెను. పిమ్మట సహకారసంఘములును, ప్రైవేటు కంపెనీలును పెక్కు వచ్చెను. వీని నడుమ ప్రత్యేకముగా పేర్కొనదగినది ముల్కనూరు. నేటి హనుమకొండ జిల్లాలోని ఆ గ్రామము కేంద్రముగా 2002లో గ్రామీణ స్త్రీలు ఒక పాలసంఘమును స్థాపించుకొని, ‘స్వకృషి’ అను పేరుతో పాలు అమ్ముట ప్రారంభించిరి. సభ్యులు స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, ప్రభుత్వపు పెత్తనము లేకుండ సభ్యులే నడుపుకొను సంఘములకు దారి చూపెను. చట్టము అడ్డుగోడయే కానక్కరలేదు. ద్వారబంధము కూడ కాగలదని ఆ స్త్రీలు నిరూపించిరి.

పాలను గూర్చిన శాసనములు భారతదేశమున కాలముతోపాటు మారుచు వచ్చెను. 1954లో ఆహారకల్తీ నిరోధక చట్టము వచ్చెను. 1992 నాటి ఒక ఉత్తరువు పెద్ద పాలకర్మాగారములకు పాలు సేకరించు ప్రాంతములను పంచిపెట్టెను. 2002లో ఆ పంపకము తొలగింపబడెను. 2006లో ఆహారభద్రతా ప్రమాణముల చట్టము చేయబడి, 2011లో దాని నిబంధనలు అమలులోనికి వచ్చెను. నేటి ప్రమాణము ప్రకారము ఆవుపాలలో వెన్న నూటికి 3.2 పాళ్లకును, వెన్న గాక మిగిలిన ఘనపదార్థము 8.3 పాళ్లకును తగ్గరాదు. గేదెపాలకు ఈ కొలతలు 5, 9. ఈ చట్టము పొలముపని, పాడిపని చేసికొను రైతును తన పరిధినుండి మినహాయించినది. సైకిలుమీద క్యాను కట్టుకొని తిరుగు చిన్న వర్తకునకు పెద్ద కర్మాగారమునకు వలె లైసెన్సు విధింపలేదు. అతడు పేరు రిజిస్టరు చేయించుకొనిన చాలును. చిన్నవానికి వాని యెత్తునకు తగిన తలుపు ఉండవలెనను తలపు ఇందులో కలదు. విడిగా అమ్ము పచ్చిపాలకు దేశమంతట నిషేధము లేదు. పాలు కాచియే త్రాగు అలవాటు ఇచ్చటి యిండ్లకు రక్ష.

పచ్చిపాలే ప్రకృతిసిద్ధమనియు, వేడిచేసినచో సారము నశించుననియు వాదించువారు అమెరికా మున్నగు దేశములలో కలరు. తెలిసిన రైతు వద్ద కోరిన పాలు కొనుటకు ప్రభుత్వపు అడ్డేల యని వారు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలో చిన్న రైతుపై ప్రేమ యున్నది. అమెరికాలో 1987 నుండి, పచ్చిపాలను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పంపి జనులకు అమ్ముట నిషేధము. తమ సరిహద్దులలోపలి అమ్మకమును గూర్చి రాష్ట్రములు వేరువేరు విధముల నిర్ణయించుకొనినవి. 2024 మార్చిలో అచ్చటి పాడియావులలో పక్షులకు వచ్చు ఫ్లూ వైరసు కనబడెను. వ్యాధి సోకిన ఆవుల పచ్చిపాలలో ఆ వైరసు విస్తారముగా నుండెను. పాశ్చరైజ్ చేసిన పాలలో అది జీవము కోల్పోయెను. రైతు మంచివాడు కావచ్చును. ఆవు సాధువు కావచ్చును. రోగమునకు ఆ తారతమ్యము లేదు. రైతుపై ప్రేమతో పసివానిని ప్రమాదమున కొప్పగించుట తగదు. పసివానిపై ప్రేమతో రైతు పొట్టకొట్టుటయు తగదు.

వేడిచేయుటతోనే అంతయు ముగియదని తెలుపు నిదర్శనమొకటి యున్నది. 2018లో భారత ఆహారభద్రతా సంస్థ దేశమందలి 1,103 పట్టణములలో 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించెను. హానికరమగు కల్తీ కనబడినవి 12 నమూనాలు మాత్రమే. పాలన్నియు విషమే యను వదంతులు విని బెదిరినవారికి ఇది ఊరట. కాని 368 నమూనాలలో ఆఫ్లాటాక్సిన్ అను విషము పరిమితికి మించి యుండెను. అందును విడిపాలకంటె కర్మాగారములలో శుద్ధిచేసిన పాలలోనే అది ఎక్కువగా కనబడెను. ఈ విషము మేతనుండి వచ్చును. బూజుపట్టిన వేరుసెనగచెక్కను గాని, జొన్నను మొక్కజొన్నను గాని తిన్న పశువు పాలలోనికి అది దిగును. కాచినను పోదు. 72 డిగ్రీల వేడి దీనిని ఏమియు చేయజాలదు. దీనికి మందు కొట్టములోనే యున్నది. దాణాను తడి తగులకుండ నిలువచేయవలెను. బూజు కనబడినదానిని పశువునకు పెట్టరాదు. ఈ మాట రైతునకు చెప్పువారు కావలెను. జరిమానా వ్రాయు అధికారి ఒక్కసారి వచ్చి పోవును. నేర్పువాడు మరల మరల రావలెను. చట్టమునకు కన్ను ఉన్నచాలదు, చేయూతయు కావలెను.

నేడు లోకమున అన్ని దేశములకంటె ఎక్కువ పాలు భారతదేశమునందే ఉత్పత్తియగుచున్నవి. 2023–24 సంవత్సరమున ఆ పాలు సుమారు 23.9 కోట్ల టన్నులు. ఈ పాలసముద్రమును నింపువారిలో అత్యధికులు ఒకటి రెండు పశువులు గల చిన్నవారు. అది చెంబులు చెంబులుగా పోసిన సముద్రము. కావున చట్టము వ్రాయువారు ఆ చెంబు పట్టుకొనిన చేతిని మరువరాదు. చెంబు పట్టుకొనినవారు ఆ పాలు త్రాగు బిడ్డను మరువరాదు.

తెల్లవారుచున్నది. ఇల్లాలు పాలు తీసికొనిపోయి ఊరి కేంద్రమున వరుసలో నిలుచును. తన వంతు రాగా పాలు పోసి, వెన్నశాతము వ్రాసిన చీటీ తీసికొని, దానిని ఒకసారి చూచుకొని కొంగున ముడివైచుకొనును. కేంద్రమున పోసిన పాలు చల్లబడి, వాహనమెక్కి, యంత్రములో వేడెక్కి, ఆమె యెన్నడును చూడని పట్టణపు బిడ్డను చేరును. ఇంటికి మిగిలిన పాలు ఆమె పొయ్యిమీద వేడెక్కును. అచ్చట చట్టము వ్రాసిన నియమము. ఇచ్చట అత్త నేర్పిన నియమము. రెండును ఒక్కటే. పాలు పొంగి పొయ్యిపాలు కాకుండ ఆమె ప్రక్కనే నిలిచి చూచుచుండును.